టీకాల ఉత్పత్తి పెరిగిన ఘనత ఎవరిది: ప్రభుత్వానిదా, కంపెనీలదా?

బీఫార్మసీ చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "2021 వేసవిలో కరోనా టీకా కోసం తిరిగి తిరిగి అలసిపోయాం. ఏడాది గడిచేసరికి అడిగేవాళ్లు లేక సీసాలు మిగిలిపోయాయి. ఉత్పత్తి అంతగా పెరగడం ప్రభుత్వ విజయమని మా నాన్నగారు అంటారు. హైదరాబాదు పక్కన టీకా కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో పనిచేసే మా మామయ్య మాత్రం అదంతా కంపెనీల కష్టమంటారు. పండగకు కలిసినప్పుడల్లా ఇదే వాదన. అసలు ఉత్పత్తి పెంచింది ఎవరు?"

నేను హైదరాబాదు శివార్లలోని టీకా కర్మాగారాల్లో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. మొదటి పదకొండేళ్లు ఉత్పత్తిలో, మిగతావి నాణ్యత విభాగంలో. 2021 నాటికి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. కనుక ఈ ప్రశ్నకు నా దగ్గర చిన్న జవాబు లేదు. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను. టీకాను కోట్ల సంఖ్యలో తయారుచేసే నేర్పు కంపెనీలది. ఆ నేర్పు అలవడడానికి నేలను ముప్ఫై నలభై ఏళ్లపాటు దున్నిపెట్టింది ఎక్కువగా ప్రజల డబ్బు. పెద్ద ఆర్డరు ఇచ్చి కర్మాగారాలను ముందే సిద్ధం చేయించవలసిన నెలల్లో కేంద్ర ప్రభుత్వం ఆలస్యం చేసింది. ఆ ఆలస్యం ప్రాణాల మీదకు వచ్చింది. ఏప్రిల్ తరువాత అదే ప్రభుత్వం చేసిన పని కూడా నిజమైనదే. ఈ నాలుగు మాటలూ ఏకకాలంలో నిజం కావడం వల్లనే మీ ఇంట్లో వాదన తేలడం లేదు.

ఇందులో ఎవరి వాటా ఎంతో తేల్చాలంటే ముందు టీకా ఎలా తయారవుతుందో, ఎన్ని రోజులు పడుతుందో తెలియాలి. భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌నే తీసుకుందాం. అందులో ఉన్నది చంపిన వైరస్. ముందు వీరో కణాలను, అంటే టీకాల తయారీలో వాడే ఒక రకం కోతి కణాలను, పెంచాలి. ఆ కణాలకు బతికి ఉన్న కరోనా వైరస్‌ను ఎక్కించి, అది వాటిలో వృద్ధి చెందేదాకా చూడాలి. ఇదంతా మూడో స్థాయి జీవభద్రత ఉన్న గదుల్లోనే జరగాలి. గదిలోని గాలి వడపోయకుండా బయటికి పోకూడదు, వ్యర్థజలం శుద్ధి కాకుండా కాలువలో కలవకూడదు. తరువాత బీటా ప్రొపియోలాక్టోన్ అనే రసాయనంతో వైరస్‌ను నిర్వీర్యం చేసి, ఒక్క వైరస్ అయినా బతికి ఉందా అని మళ్లీ మళ్లీ పరీక్షించాలి. ఆపైన శుద్ధి, రోగనిరోధక స్పందనను పెంచే పదార్థాన్ని కలపడం, సీసాల్లో నింపడం. నింపాక సూక్ష్మజీవులు లేవని తేల్చే పరీక్షకే 14 రోజులు కావాలి. ఒక బ్యాచ్ తయారీ మొదలుకొని పరీక్షలు ముగిసి విడుదలయ్యేదాకా దాదాపు 120 రోజులు పడుతుందని భారత్ బయోటెక్ 2021 మే నెలలో ప్రకటించింది. మార్చిలో మొదలుపెట్టిన బ్యాచ్‌లు జూన్‌లో మాత్రమే సరఫరాకు వస్తాయని కూడా చెప్పింది. అప్పట్లో చాలామంది దాన్ని సాకుగా తీసుకున్నారు. అది సాకు కాదు. నాణ్యత విభాగంలో కూర్చున్నవాణ్ని కాబట్టి గట్టిగా చెప్పగలను.

అంటే ఆగస్టులో మీ చేతికి గుచ్చిన కోవాగ్జిన్ డోసు ఏప్రిల్‌లోనే గర్భం దాల్చింది. వరి కోతలనాడు పొలం గట్టు మీద నిలబడినవాణ్ని చూసి పంట అతనిదే అనుకోలేం కదా, నారు పోసిందెవరు, నీళ్లు పెట్టిందెవరు అని అడుగుతాం. టీకాల విషయంలోనూ అంతే. ఒక నెల లెక్క చూసి ఎవరినైనా మెచ్చుకోవాలన్నా, నిందించాలన్నా నాలుగు నెలలు వెనక్కి వెళ్లి అప్పుడు ఎవరు ఏం చేశారో చూడాలి.

కొత్త ఉత్పత్తి లైను పెట్టడమైతే ఇంకా పెద్ద పని. యంత్రం తెచ్చి బిగించగానే టీకా నింపడానికి వీల్లేదు. ముందు టీకాకు బదులు సూక్ష్మజీవులు ఇష్టంగా పెరిగే పోషక ద్రవాన్ని సీసాల్లో నింపి, వాటిని వెచ్చగా ఉంచి, ఏ సీసాలోనైనా మసక కనిపిస్తుందా అని రోజుల తరబడి చూడాలి. ఇలా వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా నెగ్గాలి. మూడోసారి ఒక్క సీసా మసకబారినా కారణం కనిపెట్టి మళ్లీ మొదటికి రావాలి. నేను పనిచేసిన ఒక చోట గ్లవ్ అంచున చిన్న చిరుగు వల్ల ఒక లైను ఆరు వారాలు ఆగిపోయింది. లోపల పనిచేసే మనిషికి దుస్తులు వేసుకోవడం నేర్పి, పరీక్షించి, అర్హత ఇవ్వడానికే వారాలు పడుతుంది. "కంపెనీలు రాత్రికి రాత్రి ఉత్పత్తి పెంచాలి" అని టీవీల్లో మాట్లాడిన పెద్దలకు ఈ సంగతి ఎవరో చెప్పి ఉండవలసింది.

ఇప్పుడు తేదీలు చూద్దాం. నా దృష్టిలో అసలు విషయం వీటిలోనే ఉంది.

2021 జనవరి 3న కోవిషీల్డ్, కోవాగ్జిన్‌లకు అత్యవసర వాడకానికి అనుమతి వచ్చింది. 16న టీకాల కార్యక్రమం మొదలైంది. ఆ మధ్యలో, 11న, కేంద్రం తొలి కొనుగోలు ఆర్డర్లు ఇచ్చింది. కోవిషీల్డ్ తయారుచేసిన పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ నుంచి కోటీ 10 లక్షల డోసులు, డోసు 200 రూపాయలకు. భారత్ బయోటెక్ నుంచి 55 లక్షల డోసులు, వాటిలో 16.5 లక్షలు కంపెనీ ఉచితంగా ఇచ్చింది. మొత్తం కోటీ 65 లక్షలు. తొలి విడతలో టీకా వేయదలచిన ఆరోగ్య సిబ్బంది, పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు వగైరా కలిసి 3 కోట్ల మంది. మనిషికి రెండు చొప్పున 6 కోట్ల డోసులు. అంటే తొలి ఆర్డరు మొదటి వరుసలో నిలబడినవాళ్ల అవసరంలో మూడో వంతుకు కూడా సరిపోదు.

"కంపెనీలు చేయగలిగిందే అంత, ఎక్కువ ఆర్డరిచ్చి ఏం లాభం?" అని నాతో చాలామంది వాదించారు. కర్మాగారంలో పనిచేసినవాళ్లు ఈ మాట అనరు. కొనుగోలు ఆర్డరు చేతిలో ఉన్న సరుకుకు రాసే రసీదు మాత్రమే అయితే ఆ వాదన సరైనదే. టీకా పరిశ్రమలో ఆర్డరు అంటే రేపటి లైనుకు పునాది. యాజమాన్యం దాన్ని చూపించి బ్యాంకులో అప్పు తెస్తుంది, కణాలను పెంచే పెద్ద పాత్రలైన బయోరియాక్టర్లకు బయానా ఇస్తుంది, సీసాలు, రబ్బరు మూతలు ఏడాదికి సరిపడా బుక్ చేస్తుంది, మనుషుల్ని తీసుకుంటుంది. కోటి డోసుల ఆర్డరు చూసి ఎవరూ పది కోట్ల డోసుల లైను కట్టరు. డిమాండు ఉండబోతోందని అందరికీ తెలిసినా కట్టరు, ఎందుకంటే డోసు ఎంతకు అమ్మాలో, ఎవరికి అమ్మాలో, ఎగుమతి చేయనిస్తారో లేదో తేల్చేది ప్రభుత్వమే.

అదే సమయంలో అమెరికా ఏం చేసిందో గుర్తు చేసుకోండి. 2020 జూలై 22న, ఫైజర్ టీకా పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియని రోజున, 10 కోట్ల డోసులకు 195 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఫలితాల తొలి ప్రకటన వచ్చింది నవంబరు 9న. డిసెంబరు ముగిసేసరికి ఫైజర్‌తో 20 కోట్లు, మోడెర్నాతో 20 కోట్ల డోసులకు ఒప్పందాలు పూర్తయ్యాయి. అక్కడా మీ ఇంట్లో లాంటి వాదనే నడిచింది. పరిశోధనకు ప్రభుత్వ సొమ్ము ముట్టుకోలేదని ఫైజర్ చెప్పుకుంది. అమెరికా విషయంలో అది నిజం. కానీ దాని భాగస్వామి బయోఎన్‌టెక్‌కు జర్మనీ ప్రభుత్వం 37.5 కోట్ల యూరోల వరకు సాయం ప్రకటించింది, అమెరికా ముందస్తు ఆర్డరు ఎలాగూ ఉంది. మోడెర్నా టీకానైతే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలతో కలిసి రూపొందించారు. 2021 మార్చిలో జాన్సన్ అండ్ జాన్సన్ టీకాను దాని పోటీదారు మెర్క్ కర్మాగారాల్లో తయారుచేయించే ఒప్పందాన్ని బైడెన్ ప్రభుత్వం దగ్గరుండి కుదిర్చింది. అందుకు పునాదులు ట్రంప్ హయాంలో టీకాలను వేగంగా తేవడానికి పెట్టిన ఆపరేషన్ వార్ప్ స్పీడ్ పథకం వేసిందని ఆ పక్షం వాళ్లు అన్నారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. నూట ఇరవై రోజుల సూత్రం ఏ పార్టీ ప్రభుత్వానికైనా ఒకటే.

మన దేశంలో ఆ తొలి నెలల్లో నష్టభయాన్ని నెత్తిన వేసుకున్నది ఎవరు? ఇక్కడ కంపెనీలకు, ముఖ్యంగా సీరంకు, దక్కవలసింది దక్కాలి. అనుమతి రాకముందే, 2020 డిసెంబరు చివరికే, 4 నుంచి 5 కోట్ల డోసులు చేసి నిల్వపెట్టారు. టీకా విఫలమై ఉంటే అవన్నీ పారబోయవలసి వచ్చేది. దానికి కంపెనీ సొంత డబ్బుతో పాటు గేట్స్ ఫౌండేషన్, పేద దేశాలకు టీకాలు అందించే అంతర్జాతీయ కూటమి గావి ద్వారా వచ్చిన 30 కోట్ల డాలర్లు తోడయ్యాయి. ఆ డబ్బు పేద దేశాలకు వెళ్లవలసిన డోసుల కోసం ఇచ్చిన ముందస్తు సొమ్ము. అంటే 2021 జనవరిలో మన చేతులకు అందిన డోసుల వెనుక ఒక కుటుంబ సంస్థ తెగువ, విదేశీ దాతల హామీ ఉన్నాయి. మన ఖజానా మాట అప్పటికి లేదు.

ఏప్రిల్ మూడో వారానికి, ఆసుపత్రుల ముందు అంబులెన్సులు వరుస కట్టాక, కేంద్రం సీరంకు 3,000 కోట్లు, భారత్ బయోటెక్‌కు 1,500 కోట్ల రూపాయలు ముందస్తుగా ఇవ్వడానికి ఆమోదించింది. ఆ డబ్బు పనిచేసింది. ఆగస్టులో దేశంలో 18 కోట్లకు పైగా డోసులు వేశారు. అక్టోబరు 21న మొత్తం 100 కోట్లు దాటింది, 2022 జూలై 17న 200 కోట్లు. ఆ నాలుగున్నర వేల కోట్లలో సగమైనా అంతకు ముందు నవంబరులో ఇచ్చి ఉంటే రెండో ఉప్పెన నాటికి ఎన్ని సీసాలు అదనంగా ఉండేవో లెక్కగట్టి చెప్పే సాహసం చేయను. కానీ ఉండేవి. ఏప్రిల్, మే నెలల్లో నా తోటి ఉద్యోగులు ముగ్గురు చనిపోయారు. టీకా తయారుచేసే ఆవరణలో పనిచేస్తూ టీకా అందక పోయిన మనుషులు వాళ్లు. ఈ విషయం రాసేటప్పుడు నాకు ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

ఇంకో సంగతి, హైదరాబాదువాణ్నైనా ఒప్పుకోవలసిందే. అప్పుడు వేసిన పది డోసుల్లో దాదాపు తొమ్మిది పుణే నుంచి వచ్చిన కోవిషీల్డ్. 2021 ఆగస్టు మొదట్లో పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం నెలకు కోవిషీల్డ్ 11 కోట్లు, కోవాగ్జిన్ రెండున్నర కోట్లు. ఇందులో ఎవరి చేతగానితనమూ లేదు. కోవిషీల్డ్‌కు ప్రమాదకర వైరస్‌ను పెంచవలసిన పని లేదు, జలుబు కలిగించే జాతి వైరస్‌ను మార్చి వాహకంగా వాడతారు. దాన్ని మామూలు బయోరియాక్టర్లలో పెంచవచ్చు. కోవాగ్జిన్‌కు అవసరమైన ఉన్నత భద్రత గల గదులు దేశంలోనే అతి తక్కువ. "ఎవరైనా ముందుకొస్తే ఫార్ములా ఇచ్చేస్తాం" అన్నంత మాత్రాన అవి పుట్టవు.

కోవాగ్జిన్ ఎవరిదన్న ప్రశ్న కూడా ఇక్కడే తేల్చుకుందాం. వైరస్‌ను రోగి నమూనా నుంచి వేరుచేసి ఇచ్చింది పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ, అంటే భారత వైద్య పరిశోధన మండలి, అంటే ప్రభుత్వం. దాన్ని టీకాగా మలిచి, ఉత్పత్తికి తెచ్చింది భారత్ బయోటెక్. మూడో దశ పరీక్షలో 25,800 మంది పాల్గొన్నారు. హైదరాబాదు నిమ్స్‌లోనూ పరీక్షలు జరిగాయి. పరిశోధన మండలి దీనికి 35 కోట్లు ఖర్చుపెట్టిందని, నికర అమ్మకాల మీద 5 శాతం రాయల్టీగా 2022 జనవరి చివరికి 171 కోట్లకు పైగా అందుకుందని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అంటే ప్రజల డబ్బు అయిదింతలై తిరిగివచ్చింది. దీన్ని నేను మంచి ఒప్పందంగానే చూస్తాను. ఒకటే లోటు. ఆ రాయల్టీ గురించి, ఒప్పందంలోని షరతుల గురించి మొదటి రోజే వివరంగా ప్రజల ముందు పెట్టి ఉంటే ఈ "ఎవరిది" అనే తగాదా సగం పుట్టేదే కాదు. ఒంటి మీద పరీక్ష చేయించుకోవడానికి చెయ్యి చాపిన ఆ వేలమంది పేర్లు మాత్రం ఏ పక్షం వాదనలోనూ వినిపించవు.

మీ మామయ్య పనిచేసే జీనోమ్ వ్యాలీ ఎలా పుట్టిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే 2021లో పెరిగిన ఉత్పత్తికి విత్తనం అక్కడ ఉంది. 1990ల మొదట్లో హెపటైటిస్ బి టీకా విదేశాల నుంచి వచ్చేది. డోసు ధర వందల రూపాయలు. కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టినప్పుడు ఇక్కడి బ్యాంకులు నమ్మలేదు. ఒమన్ విదేశాంగ మంత్రి పెట్టుబడి పెట్టారు. అయితే తొలి ప్రయోగాలకు చోటిచ్చింది ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ తరువాత హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీసీఎంబీ. కేంద్రం నడిపే సాంకేతిక అభివృద్ధి బోర్డు రుణమిచ్చింది. 1997లో వాళ్ల హెపటైటిస్ బి టీకా శాన్‌వాక్ వచ్చాక ధర యాభై రూపాయల ప్రాంతానికి దిగింది. మనం ఇంజెక్షన్ కోసం వీధి చివర టీకా శిబిరాల్లో నిలబడ్డ రోజులు అవే. కానీ ప్రభుత్వం హెపటైటిస్ బి టీకాను దేశమంతటా పిల్లలకు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2011లో. పద్నాలుగేళ్లు. ఈ కథలో ధైర్యం వ్యక్తిది, ప్రయోగశాల ప్రభుత్వానిది, ఆలస్యం కూడా ప్రభుత్వానిదే.

పసిపిల్లల విరేచనాలను అడ్డుకునే రోటావాక్ టీకా కథ దీనికి తిరగబడి ఉంటుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం నవజాత శిశువుల్లో విరేచనాలు కలిగించని ఒక రోటావైరస్ రకాన్ని గుర్తించింది. అది టీకాగా మారడానికి దాదాపు ముప్ఫై ఏళ్లు పట్టింది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ప్రభుత్వ సంస్థలు, గేట్స్ ఫౌండేషన్, పాథ్ అనే అంతర్జాతీయ ఆరోగ్య సంస్థ అన్నీ డబ్బు పెట్టాయి. భారత్ బయోటెక్ డోసు ఒక డాలరుకు ఇస్తానని ముందే మాట ఇచ్చింది. 2015లో విడుదలై, 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో చేరింది. తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏటా ఖచ్చితంగా కొనే ఒక కొనుగోలుదారు దొరికాక కర్మాగారానికి ఏం జరుగుతుందో నేను దగ్గరగా చూశాను. మనుషులు మానేసి పోరు. కొత్త సూపర్‌వైజర్లు తయారవుతారు. చిన్న చిన్న లోపాలు ఏళ్ల తరబడి దిద్దుకుంటూ పోతారు. కరోనా వచ్చిన రోజున ఆ అలవాటున్న చేతులు పని అందుకున్నాయి. సార్వత్రిక టీకాల కార్యక్రమం కింద ఏటా కోట్ల మంది పిల్లలకు డీపీటీ, పోలియో, తట్టు టీకాలు కొన్నది ప్రభుత్వం కాకపోతే ఇక్కడ హైదరాబాదులో బయోలాజికల్ ఇ కంపెనీ గానీ, అక్కడ పుణేలో సీరం గానీ ఇంత పెద్దవి అయ్యేవా అని మీ మామయ్యను అడగండి.

ఇక ప్రభుత్వ కర్మాగారాల మాట. ఇది నాకు బాధ కలిగించే అధ్యాయం. హిమాచల్‌లోని కసౌలీలో 1905 నుంచి, నీలగిరుల్లోని కూనూరులో 1907 నుంచి, చెన్నై గిండీలో 1948 నుంచి టీకా సంస్థలు ఉన్నాయి. డీపీటీ, బీసీజీ లాంటి చవక టీకాలు ఏళ్ల తరబడి వాళ్లే సరఫరా చేశారు. మన నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ కూడా ఒకప్పుడు టీకాలు తయారుచేసింది. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ వేసే ఇంజెక్షన్ల కాలం వాళ్లకు అది గుర్తుండే ఉంటుంది. 2008 జనవరిలో, తయారీ ప్రమాణాలు పాటించడం లేదని కసౌలీ, కూనూరు, గిండీ సంస్థల లైసెన్సులను కేంద్రం నిలిపివేసింది. ప్రమాణాలు లోపించిన మాట నిజం. నాణ్యత మనిషిగా నేను వాటిని సమర్థించలేను. కానీ గోడకు పగులు వస్తే ఇల్లు బాగుచేసుకుంటాం. ఏళ్ల తరబడి వాటి మీద పెట్టుబడి పెట్టకుండా వదిలేసి, చివరికి ఒక్క ఉత్తర్వుతో ఆపేయడం తప్పు. రెండేళ్ల తరువాత ఆ నిలిపివేతను ఎత్తేశారు, కానీ ఆలోగా చెదిరిన మనుషులు తిరిగి రారు. చెన్నై దగ్గర చెంగల్పట్టులో వందల కోట్లతో కట్టిన సమీకృత టీకా సముదాయం 2021లో, దేశమంతా డోసుల కోసం అలమటిస్తున్నప్పుడు, ఖాళీగా ఉంది. నడపడానికి ముందుకు రమ్మని పిలిస్తే ఎవరూ రాలేదు.

2021లో కోవిడ్ సురక్ష పథకం కింద కోవాగ్జిన్ తయారీ కోసం ముంబయి హాఫ్కిన్ సంస్థకు 65 కోట్లు, బులంద్‌షహర్‌లోని బిబ్‌కాల్‌కు 30 కోట్లు, హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌కు 60 కోట్లు కేటాయించారు. ఈ ముగ్గురిలో ఇమ్యునలాజికల్స్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది జాతీయ పాడి అభివృద్ధి బోర్డు సంస్థ, 1980ల నుంచి పశువుల గాలికుంటు టీకా చేస్తూ వచ్చింది. ప్రమాదకర వైరస్‌ను పెద్ద ఎత్తున పెంచే అలవాటు ఉన్నందువల్ల కోవాగ్జిన్ ముడిపదార్థాన్ని తయారుచేసి ఇవ్వగలిగింది. అంటే ప్రభుత్వ రంగం చేతకానిదని అనడం తప్పు. నిరంతరం పని ఉన్న సంస్థ అందుకుంది, పని లేకుండా ఎండబెట్టిన సంస్థలు సమయానికి అందుకోలేకపోయాయి. కొత్త పైకం వారాల్లో వస్తుంది గానీ, మూడుసార్లు పోషక ద్రవం నింపి నెగ్గే జట్టు వారాల్లో రాదు.

ప్రభుత్వం చేసిన పనుల్లో ఎవరూ చెప్పుకోనిది ఒకటుంది. టీకా బ్యాచ్ కంపెనీ పరీక్షల్లో నెగ్గినా, కేంద్ర ప్రయోగశాల పత్రం వచ్చేదాకా బయటికి పోదు. ఏళ్ల తరబడి ఆ పత్రం కోసం మా నమూనాలు కసౌలీ కొండ మీదకు వెళ్లేవి. మంచు పెట్టెల్లో సర్ది, విమానం దొరికిందో లేదో, దారిలో ఉష్ణోగ్రత 8 డిగ్రీలు దాటిందో లేదో అని బితుకుబితుకుమంటూ ఎదురుచూసేవాళ్లం. 2021లో పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రాన్ని, హైదరాబాదు గచ్చిబౌలిలోని జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థను కూడా కేంద్ర ప్రయోగశాలలుగా ప్రకటించారు. పీఎం కేర్స్ నిధులతో వాటిని సిద్ధం చేశారు. కొండ మీదకు పంపవలసిన నమూనా కారులో అరగంట దూరానికి వచ్చింది. ఉత్పత్తి లెక్కల్లో ఇది ఎక్కడా కనిపించదు, కానీ ప్రతి బ్యాచ్‌కూ రోజులు కలిసివచ్చాయి. కసౌలీ ప్రయోగశాల ఉద్యోగులు ఆ వేసవిలో ఏ సమయానికి ఫోను చేసినా పలికారు. ఈ పని ఏ ప్రైవేటు సంస్థా చేయలేదు, చేయకూడదు కూడా.

అలాగే ముడిసరుకు. బయోరియాక్టర్ సంచులు, ఫిల్టర్లు ఎక్కువగా అమెరికా నుంచి రావాలి. ఆ దేశం తన రక్షణ ఉత్పత్తి చట్టాన్ని వాడి తన కర్మాగారాలకే ముందు ఇవ్వాలని పట్టుబట్టడంతో మన దగ్గర కొరత వచ్చింది. 2021 ఏప్రిల్ 16న సీరం అధిపతి అదార్ పూనావాలా అమెరికా అధ్యక్షుణ్ని ఉద్దేశించి బహిరంగంగానే విజ్ఞప్తి చేశారు. ఆ ముడి విప్పడం కంపెనీల వల్ల అయ్యే పని కాదు, ప్రభుత్వాలు ప్రభుత్వాలతో మాట్లాడాలి. మాట్లాడాయి. అమెరికా ప్రభుత్వం తన ఉత్పత్తి పెంచి సంపాదించిన ఘనతలో కొంత మన లైన్లు ఆగడం వల్ల వచ్చిందని కూడా అప్పుడే అర్థమైంది.

మే నెల విధానాన్ని మాత్రం నేను సమర్థించలేను. సగం డోసులు కేంద్రానికి, మిగతా సగం రాష్ట్రాలకు, ప్రైవేటు ఆసుపత్రులకు, ఒక్కొక్కరికీ ఒక్కో ధర. ఒకే టీకాకు, డోసుకు కేంద్రం అప్పటికి 150 ఇస్తే, రాష్ట్రం కోవిషీల్డ్‌కు 300, కోవాగ్జిన్‌కు 400 ఇవ్వాలి. ప్రైవేటు ఆసుపత్రికి కోవాగ్జిన్ 1,200. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ప్రపంచ టెండర్లు పిలిచాయి. ఒక్క కంపెనీ కూడా ముందుకు రాలేదు. ఏ దేశపు కంపెనీ అయినా ముందు దేశాలతో మాట్లాడుతుంది గానీ రాష్ట్రాలతో బేరం ఎందుకు పెట్టుకుంటుంది? 18 నుంచి 44 ఏళ్లవారి విషయంలో ఈ విధానం ఏకపక్షం, అహేతుకమని మే 31న సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. జూన్ 7న ప్రధాని దాన్ని మార్చి, 75 శాతం డోసులు కేంద్రమే కొంటుందని ప్రకటించారు. కొనుగోలుదారు ఒక్కడైనప్పుడు కర్మాగారానికి లెక్క తేలిగ్గా తెలుస్తుంది. ఆ నెల పొడుగునా మా పంపకాల విభాగం వాళ్లు ఏ పెట్టె ఎక్కడికి పంపాలో తేలక పడ్డ యాతన చూశాను.

కంపెనీలు మాత్రం నష్టం చూడలేదనుకోవద్దు. 2021 డిసెంబరులో, 20 కోట్ల డోసులు నిల్వ ఉండిపోవడంతో, సీరం కోవిషీల్డ్ తయారీ ఆపింది. తరువాత దాదాపు 10 కోట్ల డోసులు గడువు తీరి పారబోయవలసి వచ్చింది. మా చుట్టుపక్కల కర్మాగారాల్లో కాంట్రాక్టు మీద తీసుకున్న పిల్లలు, ఎక్కువమంది మీలా ఫార్మసీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లు, 2022లో ఇళ్లకు వెళ్లిపోయారు. పాతిక నెలలు రాత్రి షిఫ్టులు చేసిన చేతులవి. అలాంటి జట్టును ఖాళీ నెలల్లో కూడా జీతమిచ్చి నిలబెట్టుకోవాలంటే, లైనును వెచ్చగా ఉంచడానికే డబ్బిచ్చే కొనుగోలుదారు కావాలి. ఆ ఏర్పాటు మనకు ఇంకా సరిగా లేదు.

మీ ఇంటి వాదనకు నాదొక సలహా. మీ నాన్నగారిని జనవరి 11 ఆర్డరు గురించి అడగండి. మామయ్యను వాళ్ల కర్మాగారం గత ఇరవై ఏళ్లలో అమ్మిన డోసుల్లో ప్రభుత్వ టీకాల కార్యక్రమానికి ఎన్ని వెళ్లాయో అడగండి. ఆ తరువాత, వాళ్ల లైనులో రెండో షిఫ్టు ఏ తేదీన మొదలైందో, దానికి ఎన్ని రోజుల ముందు కొనుగోలు పత్రం చేతికి వచ్చిందో కూడా కనుక్కోండి. ఆ రెండు తేదీలు తెలిస్తే ఇక్కడ రాయండి. నాకు తెలిసిన మూడు లైన్ల తేదీలు నా డైరీలో ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూద్దాం.